తుక్కులో దొరికిన ద్రాక్షతోట

నా షెడ్డు తాళాలు నాతో పనిచేసిన ఖాజాకు అప్పజెప్పి ఇంటికి వచ్చేశాక, పని నేర్చుకుంటామనే పిల్లలు ఇంటికే రావడం మొదలుపెట్టారు. కుర్చీలో కూర్చోకముందే దాదాపు అందరూ అడిగేది ఒకటే. "మేడమ్, ఏ మెటీరియల్‌తో మొదలుపెట్టమంటారు?"

పారేసిన వస్తువులతో శిల్పాలు చేయడం నా వృత్తి. నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డులో నా జీవితంలో మంచి భాగం గడిచింది. భుజాలు ఇక చాలన్నాయి కాబట్టి మానుకున్నాను. మనసు మాత్రం ఇప్పటికీ చాలనలేదు. ప్రదర్శనలు, శాలువాలు, నాయకులతో దిగిన ఫొటోలు బీరువాలో ఉన్నాయి. వాటి గురించి రాయను. అవి ఎవరికైనా వస్తాయి. పని ఎలా నేర్చుకున్నానో, దాన్ని నిలబెట్టుకోవడానికి ఎక్కడ మొండికేశానో రాస్తాను. ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు పనికొచ్చేది అదే.

ముందుగా ఒక మాట. "చెత్త నుంచి అందం" అని మన పని గురించి ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి, కానీ నమ్మకండి. సీసా మూతలతో నెమలి చేస్తారు, సైకిల్ చెయిన్లతో నెమలి చేస్తారు, స్పూన్లతోనూ నెమలే చేస్తారు. అందరికీ నెమలి కనిపిస్తుంది. వస్తువు ఎవరికీ కనిపించదు. అది ఎవరింట్లో ఉండేది, ఎందుకు బయటపడింది, ఎవరి చేతుల్లో అరిగింది అని ఎవరూ అడగరు. అలాంటప్పుడు కొత్త రేకు కొనుక్కుని నెమలి చేసుకోవచ్చు. పాతదాన్ని ఇబ్బంది పెట్టడం దేనికి?

ఇంత గట్టిగా మాట్లాడుతున్నానంటే, నేనూ ఆ దారిలోనే నడిచి వచ్చాను కాబట్టే.

మూర్తిగారు

మా వారికి ఎలక్ట్రానిక్స్ ప్లాంటులో ఉద్యోగం. తణుకు దగ్గరి పల్లె నుంచి పెళ్లి చేసుకుని ఏఎస్ రావు నగర్ పక్క క్వార్టర్స్‌కు వచ్చాను. బొమ్మలు వేయడంలో డిప్లొమా ఉంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎగ్జిబిషన్లకు స్టాళ్లు కట్టే చిన్న కంపెనీలో పని దొరికింది. దాని యజమాని మూర్తిగారు. కోపిష్టి. మెచ్చుకోలు దగ్గర మహా పిసినారి. కానీ పని విషయంలో ఆయన నోట అబద్ధం వచ్చేది కాదు. ఇంత చూశాక చెబుతున్నాను, అలాంటి బాస్ దొరికితే కోపాన్ని భరించి అయినా దగ్గరే ఉండండి.

ఆ రోజుల్లో దగ్గర్లో ఒక నూలు మిల్లు మూతపడింది. అందులో నూలు చుట్టే కర్ర కండెలు బస్తాలకొద్దీ తుక్కులోకి వచ్చాయి. వాటితో స్టాలు ముందు ఏదైనా చేయమన్నారు మూర్తిగారు. నేను ఒక్కో కండెకూ గరుకు కాగితం పట్టించి, నూనె మరకలు పోగొట్టి, బంగారు రంగు కొట్టి పెద్ద పువ్వు చేశాను. వచ్చినవాళ్లంతా దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. నేను నేల మీద లేను.

ఒక సాయంత్రం ఒక పెద్దాయన మనవరాలిని ఎత్తుకుని వచ్చాడు. పువ్వును చూసి, "మస్తున్నది. ఢిల్లీకెల్లి తెప్పిచ్చిన్రా?" అని అడిగాడు.

"లేదండీ, ఇక్కడి మిల్లువే. కండెలు" అన్నాను.

ఆయన మనవరాలిని కిందికి దించి దగ్గరగా వచ్చాడు. ఒకదాన్ని వేళ్లతో తడిమి చూశాడు. "గా మిల్లుల నేను రిటైరయ్యేదాంక జేసిన. ఇవి మావేనా?" అన్నాడు. ఇంకా కాసేపు చూసి, మనవరాలి చేయి పట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన మొహంలో సంతోషమూ లేదు, బాధా లేదు. పరాయి ఇంటికి పొరపాటున వచ్చినవాడిలా ఉన్నాడు.

పక్కనే ఉన్న మూర్తిగారు అంతా విన్నారు. "వాటి మొహం కడుగుతున్నావనుకున్నాను శారదా. చెరిపేశావు" అన్నారు.

అంతే అన్నారు. ఆ తర్వాత ఇరవై మంది గురువులు చెప్పినా అంతకంటే ఎక్కువ నేర్చుకునేదాన్ని కాదు. మరకలోనే మనిషి ఉంటాడు. అరుగుదలలో ఉంటాడు. శుభ్రం చేసేముందు అందులో ఎవరున్నారో చూసుకోవాలి.

తుక్కు దుకాణం దగ్గర

మూర్తిగారు వయసు మీదపడి కంపెనీ మూసేశాక నేను సొంతంగా షెడ్డు తీసుకున్నాను. ఖాజా అప్పుడే కలిశాడు. కిటికీ గ్రిల్లులు, గేట్లు చేసే వెల్డర్. మొదట్లో నన్ను చూసి జాలిపడేవాడు. "మేడమ్, గీ తుక్కంత తెచ్చి మళ్ల తుక్కే జేస్తున్నం గదా" అనేవాడు. కొన్నాళ్లకు ఆయనే ఉప్పల్ దాకా వెళ్లి, తనకు నచ్చినవి సంచిలో వేసుకొచ్చేవాడు. మా ఇద్దరి గొడవలన్నీ అతుకుల గురించే. అతుకు కనపడకూడదని ఆయన, కనపడాలని నేను. చివరికి అతుకును బట్టి నిర్ణయించుకుందామని రాజీపడ్డాం. ఇద్దరు కలిసి పనిచేసే చోట అంతకంటే మంచి రాజీ నేను చూడలేదు.

స్కెచ్ పుస్తకం పట్టుకుని చెట్ల వెంట తిరిగితే నేల గురించి తెలుస్తుందని కాలేజీలో చెప్పారు. నాచారంలో అలా కాదు. తుక్కు దుకాణం ముందు నిలబడితే ఆ ఊరు ఏం మానుకుందో తెలిసిపోతుంది. నాచారంలో కండెలు, బేరింగులు, మర చక్రాలు వచ్చేవి. ఏఎస్ రావు నగర్ వైపు పాత రేడియోలు, మీటర్లు, టైపు మిషన్లు. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు ఎక్కితే బావి గిలకలు, కాలిపోయిన మోటార్లు, నాగళ్ల కర్రులు. ఏ దుకాణంలో సరుకు మారిపోతుందో ఆ ఊళ్లో నేల చేతులు మారుతోందన్నమాట.

బోడుప్పల్ దగ్గర ఒక దుకాణంలో ఇనుప తీగ చుట్టలు కనపడ్డాయి. లారీకి సరిపడా ఉన్నాయి. కంచె తీగ అనుకుని దాటిపోబోయాను. ఒక చుట్టను కాలితో కదిపితే, తీగ మీద ఎండిపోయి గోధుమరంగు తిరిగిన సన్నటి మెలికలు కనిపించాయి. చేత్తో లాగితే రాలేదు. అవి ద్రాక్ష తీగ నులితీగలు. మొక్క పోయింది, తోట పోయింది, పట్టు మాత్రం వదలలేదు.

ఆ చుట్టలన్నీ షెడ్డుకు చేర్పించాను. ఏం చేస్తానో నాకే తెలియదు. ఖాజాకు ఒక్కటే చెప్పాను, "వీటిని దులపొద్దు."

గుర్రాలు కావాలి

ఆ తర్వాత కొన్నాళ్లకే ప్రభాకర్ అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి షెడ్డుకు వచ్చాడు. ఉప్పల్ మనిషే. నారపల్లిలో వెంచర్ వేస్తున్నాడు. గేటుకు అటొకటి ఇటొకటి ఇనుప గుర్రాలు, ముందు కాళ్లు పైకి లేపినవి కావాలన్నాడు. స్థలం చూడకుండా ఏ పనీ ఒప్పుకోకూడదని నా నియమం. వెళ్లి చూశాను.

ఎర్రమట్టి చదును చేసి ఉంది. తెల్ల రాళ్లు పాతి ప్లాట్లు విడగొట్టారు. ఒక మూల రాతి కడీలు, పందిరికి పాతే నిలువు స్తంభాలు, గుట్టగా పడి ఉన్నాయి. పార్కు కోసమని వదిలిన చోట మాత్రం ఇంకా చదును కాలేదు. అక్కడ రెండు కడీలు పాతినవి పాతినట్టే నిలబడి ఉన్నాయి. వాటి తలల మీద తీగ రాసుకుని రాసుకుని పడిన గాడి ఉంది.

"ఇక్కడ ద్రాక్షతోట ఉండేదా?" అన్నాను.

"అవును మేడమ్, ఈ సైడంత అంగూరు తోటలే ఉండె. నీళ్లు ఎల్లిపోయినయ్, రోగాలొచ్చినయ్, తీసేసిన్రు" అన్నాడు ప్రభాకర్.

నా షెడ్డులో ఉన్నది ఈ తోట తీగేనని తర్వాత వాకబు చేస్తే తేలింది. కానీ అది తెలియకముందే, అక్కడ నిలబడినప్పుడే నాకు గుర్రాలు పోయి పందిరి వచ్చేసింది. అదే తీగతో, అదే కడీలతో, గేటు దగ్గర ద్రాక్ష పందిరి. ప్రభాకర్‌కు కాగితం మీద గీసి చూపించాను. ఆయన బుర్ర గోక్కున్నాడు. మంచివాడే. "గుర్రమైతే కస్టమర్ దూరంకెల్లే చూస్తడు మేడమ్. సరే, గ్రాండుగ ఉండాలె మరి" అని ఒప్పుకున్నాడు.

సత్తిరెడ్డి

ఆ తోట సత్తిరెడ్డిగారిది. అమ్మేశాక చెంగిచెర్లలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. ఎవరో పందిరి కడుతున్నారని విని ఒకరోజు నేరుగా షెడ్డుకే వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, మెడలో తువ్వాలు. రాష్ట్రం కోసం ఉద్యమం మంచి ఊపు మీద ఉన్న రోజులవి. ఉప్పల్ చౌరస్తాలో వారానికోసారైనా బండ్లు ఆగిపోయేవి. ఆయన జేబు మీద గులాబీ రంగు బిళ్ల ఉంది.

కుర్చీ వేస్తే కూర్చోలేదు. "మీదేడ?" అన్నాడు.

"తణుకు దగ్గర."

"ఆంధ్రోళ్లన్నట్టు. మా తోట మేమే తీసేసుకున్నం. గా బొమ్మ నువ్వేంది జేసేది? నీకేం ఎరుక మా తోట సంగతి?"

ఖాజా గ్రైండర్ ఆపేశాడు. నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నానని, నా పిల్లలు ఇక్కడే పుట్టారని చెప్పవచ్చు. కానీ ఆయన అడిగింది అది కాదు. తోట సంగతి తెలుసా అని అడిగాడు. నిజంగానే తెలియదు.

"తెలియదండీ. అందుకే మీరు చూసి చెప్పండి" అని లోపలికి తీసుకెళ్లాను.

అప్పటికి పందిరి సగం అయింది. రాగి రేకుతో ఆకులు చేశాను. పాత బేరింగుల గుండ్లు కలిపి గుత్తులు కట్టాం. ఒక్కో గుండును అతకడానికి ఖాజా ఎంత శ్రమపడ్డాడో ఆ దేవుడికే తెలుసు. దీపం వేస్తే తళతళ మెరిసేవి. ఆయన కాసేపు కిందా మీదా చూశాడు.

"గిదేందమ్మా? బంగారు దుకాణం లెక్కున్నది!" అని నవ్వేశాడు.

ఖాజా మొహం మాడిపోయింది. "పెద్దాయనా, నెల దినాలు కూసున్నం దీని మీద" అన్నాడు.

"అయితుండొచ్చు తమ్మీ. పండ్లు ఎవలకైనా యాదుంటయ్. బండి మీద కొనుక్కున్నోనికి గూడ యాదుంటయ్. కటింగు జేసినంక తోట ఎట్లుంటదో మాకే యాది. ఆకు లేదు, కాయ లేదు. వట్టి కట్టె. ఇంగ సచ్చిపోయిందేమో అన్నట్టుంటది. గప్పుడు నిద్ర పట్టదు రైతుకు. చిగురేస్తదా, ఎయ్యదా అని."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేయి తీగ మీద ఉంది. వేళ్లకు నులితీగ తగిలింది. దాని మెలిక వెంట వేలు పోనిచ్చాడు. తర్వాత కుర్చీ తెమ్మని ఆయనే అడిగాడు.

ఆకులూ గుత్తులూ అన్నీ కోసేశాం. ఖాజా రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. వాటి స్థానంలో కాలిపోయిన మోటార్ల తీగ చుట్టలు, తుప్పు పట్టిన చెయిన్లు, పాత పైపుల వంపులు కలిపి మోడు తీగలు చేశాం. కటింగు అయిన తోట. సత్తిరెడ్డిగారు వారంలో రెండు మూడు సార్లు వచ్చేవాడు. ఎక్కడ కణుపు ఉండాలో, కాండం ఎటు వంగాలో చెప్పేవాడు. ఒక్కోసారి ఆయన చెప్పింది బొమ్మకు కుదరదని నేను వాదించేదాన్ని. ఒక్కోసారి ఆయనే ఒప్పుకునేవాడు. బంద్ రోజుల్లో చెంగిచెర్ల నుంచి లోపలి దారుల్లో బండి మీద వచ్చేసేవాడు. మాకు రాజకీయాల గురించి ఏకాభిప్రాయం ఎప్పుడూ కుదరలేదు. కాండం వంపు గురించి కుదిరింది.

ఎత్తు

పని పూర్తికావస్తుండగా ప్రభాకర్ చూడడానికి వచ్చాడు. అటూ ఇటూ తిరిగాడు. "మేడమ్, ఇది ఎండిపోయినట్టున్నది. సరే, ఆర్ట్ అనుకుందం. కానీ హైటు లేపాలె. దీని కిందికెల్లి కారు పోవాలె. గేటు గదా" అన్నాడు.

పందిరి మనిషి ఎత్తుకు కొంచెం పైన ఉంది, వేలాడే తీగలు తలకు తగులుతాయి. అసలు తోటలో ఎంత ఉండేదో అంతే. కడీ మీది గాడే దానికి సాక్ష్యం. సత్తిరెడ్డిగారు అక్కడే ఉన్నాడు. "చెయ్యెత్తితే తీగ అందాలె, తల వంచుడు మర్శి నడిస్తే తీగ తాకాలె. గదీ అంగూరు పందిరంటే. కార్లు పొయ్యేది పెండ్లి పందిరి" అన్నాడు.

"రెడ్డిసాబ్, మీరు అమ్మినంక ఇంగ మీకెందుకు?" అన్నాడు ప్రభాకర్. కోపంతో కాదు, మామూలుగానే అన్నాడు. సత్తిరెడ్డిగారి మొహం వాడిపోయింది.

నిజానికి ఎత్తు లేపడం కష్టం కాదు. కడీల కింద దిమ్మెలు కడితే సరిపోతుంది. నేను చేయనన్నాను. "ప్రభాకర్‌గారూ, కారు కోసమైతే మీకు గుర్రాలే బాగుంటాయి. అవి చేసేవాళ్లు వేరే ఉన్నారు, నేనే చెబుతాను" అన్నాను. ఒప్పందం అక్కడితో తెగిపోయింది. గేటుకు ఫైబర్ గుర్రాలు వచ్చాయి. తెల్లవి. ప్లాట్లు అమ్ముడుపోయాయి. ఆయన లెక్కలో ఆయన కరెక్టే.

పిల్లలకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డబ్బిచ్చేవాడు చెప్పిన ప్రతి మార్పుకూ ఎదురుతిరగడం కళ కాదు. రంగు మార్చమంటే మార్చాను. చోటు మార్చమంటే మార్చాను. ఒక్కో పనికి ఒక్కో ఎముక ఉంటుంది. అది ఏదో ముందే మనకు తెలిసి ఉండాలి. ఈ పనికి ఎముక ఎత్తు. అది ఇచ్చేస్తే మిగిలేది అలంకారమే. ఆ రోజు వద్దని చెప్పినందుకు ఇప్పటికీ గర్వపడతాను. భయం వేయలేదా అంటే వేసింది. పందిరిని విడగొట్టి షెడ్డు వెనక పేర్చాం. కొన్ని వానలు దాని మీద కురిశాయి. అటు వెళ్లినప్పుడల్లా ఖాజా తల తిప్పుకునేవాడు.

పార్కులో

వెంచర్‌లో ఇళ్లు లేచాయి. రైల్వే వాళ్లు, టీచర్లు, సాఫ్ట్‌వేర్ పిల్లలు, ఆంధ్ర, తెలంగాణ రెండు వైపుల నుంచీ వచ్చినవాళ్లు చేరారు. రాష్ట్రం వచ్చిన ఏడాది కాలనీ సంఘం వాళ్లు పార్కు బాగుచేసుకోవాలనుకున్నారు. మధ్యలో ఫౌంటెన్ పెడదామని మాట. ఆ సంగతి విని సత్తిరెడ్డిగారు ఎవరూ పిలవకుండానే వాళ్ల మీటింగుకు వెళ్లాడు. నేను లేను. సంఘం కార్యదర్శి తర్వాత చెప్పాడు. ఆయన లేచి ఇలా అన్నాడట: "మీ ఇండ్లు నాకు అడ్డం గాదు. సల్లగుండుండ్రి. కానీ మీరు యాడ ఉంటున్నరో మీకు ఎరుక గావాలె గదా. శారదమ్మ తాన మా తోట ఉన్నది. తెచ్చుకోండ్రి."

తెచ్చుకున్నారు. చదును కాని ఆ మూల, నిలబడే ఉన్న రెండు కడీలను కదపకుండా, వాటి వరుసలోనే మిగతావి పాతాం. తోట సాళ్లు ఏ దిక్కుకు ఉండేవో మా పందిరీ ఆ దిక్కుకే ఉండాలని నేను పట్టుబట్టాను. పార్కు కాలిబాటకు అది ఏటవాలుగా వచ్చింది. కాలనీవాళ్లకు కొంత వింతగా తోచింది. తోచనివ్వండి అన్నాను.

బిగించిన రోజు పొద్దున సత్తిరెడ్డిగారు తోటలో పనిచేసిన ఆడవాళ్లను ఆటోల్లో తీసుకొచ్చాడు. కాలనీవాళ్లూ వచ్చారు. ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఫోను చూసుకుంటూ పందిరి కిందికి వెళ్లి తల కొట్టుకున్నాడు. అందరూ నవ్వారు. ఆ వెనకే ఆడవాళ్లు వచ్చారు. ఒక్కరికీ తగల్లేదు. పందిరి ఇంకా రెండడుగులు ఉండగానే అందరి తలలూ వాటంతట అవే వంగాయి. లోపలికి వెళ్లాక చేతులు పైకి లేచాయి. ఎవరూ చెప్పలేదు. మోడు తీగలను పట్టుకుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. "గీ కొమ్మ కొయ్యకుంట ఇడిసిపెట్టిన్రేందే" అని ఒకామె గదిమింది. నేను ఏ ప్రదర్శనలోనూ చూడని దృశ్యం అది. ఖాజా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

వాళ్లలో మల్లమ్మ అనే ఆమె, పెళ్లయి వచ్చిన ఏడు నుంచీ ఆ తోటలో చేసిందట. ఆమె పందిరి చివరిదాకా నడిచి ఆగలేదు. అదే సాలు వెంట తిన్నగా, పార్కు దాటి, రోడ్డు దాటి వెళ్లిపోయింది. ఒక ఇంటి గేటు ముందు నిలబడింది. నేను కంగారుపడి వెనకే వెళ్లాను. ఆ ఇంటి ఇల్లాలు బయటికి వచ్చింది. మాట మా గోదావరి వైపుది.

"ఎవరు కావాలండీ?"

"ఎవ్వలొద్దమ్మా," అంది మల్లమ్మ. "గీడ కానుగ చెట్టుండె. మద్దాన్నం పూట మేమందరం గీడ్నే కూసోని బువ్వ తింటుంటిమి."

ఆ ఇల్లాలు పందిరి వైపు చూసింది. తన ఇంటి వైపు చూసింది. మళ్లీ పందిరి నుంచి తన గేటు దాకా ఆ గీత వెంట చూపు పరిచింది. గేటు గడియ తీసింది.

"అయితే రండి. ఇవాళా ఇక్కడే తిందురుగాని. మిగతావాళ్లనూ పిలవండి" అంది.

మల్లమ్మ వెనక్కి తిరిగి చేయి ఊపి కేకేసింది. ఆడవాళ్లు పందిరి కింద నుంచి ఒకరి వెనక ఒకరు, ఆ సాలు వెంటే రోడ్డు దాటి వచ్చారు. నేను పక్కకు తప్పుకుని దారిచ్చాను.

ఖాజా సంచి భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చాడు. "మేడమ్, ఇంగ ఏమన్న టచప్ ఉన్నదా?"

"ఏం లేదు ఖాజా. అయిపోయింది" అన్నాను. నా వృత్తిలో ఆ మాట అంత ధీమాగా అన్నది ఆ ఒక్క రోజే.